ఖాళీ మిషను చప్పుడు

చింపిన కాగితమైనా ఎక్కడో ఒకచోట ఉండాలి కదా, ఆ మాత్రం సంగతి నాన్నకి ఇన్నేళ్లలో ఒక్కసారీ తట్టలేదా, లేక తట్టినా తట్టనట్టే ఉండిపోయాడా, ఈ రెండింటిలో ఏది నిజమైతే తనకి ఎక్కువ కోపం రావాలి, అని ఆలోచిస్తూ చిన్నది మెట్ల మధ్యలో ఆగిపోయింది.

కింద లాండ్రీలో తండ్రి పేపరు చింపుతున్నాడు. రోజూ షట్టరు ఎత్తగానే ఆయన చేసే మొదటి పని అదే. పేపరు బల్ల మీద పరిచి, నడిమి మడత మీద చెక్క స్కేలు ఆనించి, ఎడమచేత్తో అదిమిపెట్టి, వ్యాపార వార్తలున్న కాగితాన్ని ఒక్క లాగున వేరు చేస్తాడు. అంచు ఎంత నున్నగా వస్తుందంటే, అక్కడ ఇంకో కాగితం ఉండేదన్న అనుమానం కూడా ఎవరికీ రాదు. వేరు చేసినదాన్ని ప్యాకింగ్ కాగితాల దొంతరలోకి తోసేసి, మిగిలిన పేపరుని మామూలుగా మడిచి ఇస్త్రీ బల్ల చివర పెడతాడు, కొడుకు వచ్చి చదువుకోవడానికి.

చింపేసే కాగితంలో హత్యలుండవు, ప్రమాదాలుండవు. ధరలుంటాయి, వడ్డీలుంటాయి, ఫలానా దేశం ఫలానా సరుకు ఎందుకు కొనడం మానేసిందో ఉంటుంది. వాటిని అర్థం చేసుకునే చదువు ఒకటి ఉంది. ఆ చదువు కోసం అన్నయ్య పెద్ద ఊరి యూనివర్సిటీకి వెళ్లాడు. దేశం మొత్తం మీద మంచి మార్కులొచ్చినవాళ్లంతా పోటీపడే చోటు అది. మొదటి ఏడాది పూర్తి కాకుండానే పెట్టె పట్టుకుని తిరిగొచ్చేశాడు. కొన్ని వారాలు గదిలోంచి బయటికి రాలేదు. ఒక ఉదయం కిందికొచ్చి, ఎవరూ చెప్పకుండానే ఇస్త్రీ పెట్టె వేడెక్కించి, ఎవరిదో చొక్కా ఇస్త్రీ చేశాడు. ఆ తర్వాత ఇంకోటి. ఇప్పటిదాకా ఆపలేదు.

కొన్నాళ్లపాటు ఆ విషయం గుర్తు చేయకండని అప్పట్లో డాక్టరు చెప్పాడు. కొన్నాళ్లంటే ఎన్నాళ్లో ఆయన్ని అడగాలని ఎవరికీ తోచలేదు. చిన్నది అప్పుడు స్కూల్లో ఉంది. ఇప్పుడు డిగ్రీ రెండో ఏడాది. ఆ కొన్నాళ్లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. ఇంట్లో కొన్ని మాటలు పుట్టనట్టే ఉండిపోయాయి. పెద్ద ఊరి పేరు ఎవరూ ఎత్తరు, తప్పనిసరైతే ‘అక్కడ’ అంటారు. టీవీలో మార్కెట్ వార్తలు మొదలైతే తల్లి చెయ్యి దానంతటదే రిమోట్ మీదికి వెళ్లి వంటల కార్యక్రమం పెడుతుంది. చూసీ చూసీ, జన్మలో వండబోని వంటలన్నీ ఆ ఇంట్లో అందరికీ నోటికొచ్చు.

చిన్నది మాత్రం ఆ కాగితాలన్నీ చదివింది. స్కూలు నుంచి రాగానే ఆమె పని ప్యాకింగ్. ఇస్త్రీ అయిన చొక్కాలు అన్నయ్య బల్ల మీంచి ఆమె బల్ల మీదికి వచ్చేవి, వాటిని కాగితంలో చుట్టి పురికొస కట్టడం ఆమె వంతు. కాగితాన్ని చొక్కాకి సరిపడేలా సగానికి కోసి పెట్టేవారు. కాబట్టి ఏ వార్తా పూర్తిగా దొరికేది కాదు. ఉల్లిపాయల ధర పెరిగిందని ఉండేది, ఎందుకు పెరిగిందో చెప్పబోయే చోట ‘మిగతా లోపలి పేజీలో’ అని ఉండేది. ఆ లోపలి పేజీ ఎవరి ప్యాంటు చుట్టుకుని ఏ వీధికి వెళ్లిపోయిందో తెలియదు. అందుకని మిగతా సగం తనే ఊహించుకునేది. ఒక్కోసారి రెండు రోజుల తర్వాత ఆ రెండో సగం దొంతర పైన కనబడేది. తన ఊహ సరిపోతే ఆ రోజంతా గాల్లో నడిచినట్టుండేది. సరిపోకపోతే ఎక్కడ తప్పానో వెతుక్కునేది. తనకి చదువు చెప్పింది ఎవరంటే, చెప్పకూడదని పంతం పట్టిన నాన్నే, అనుకుంటే ఆమెకి నవ్వొస్తుంది. ఆ నవ్వులో ప్రేమ ఎంతో కక్ష ఎంతో తేల్చుకోవడం ఆమెకి చేతకాదు.

నిన్న సాయంత్రం ఆమె ఫోనుకి ఆ యూనివర్సిటీ నుంచి జవాబు వచ్చింది. ఊళ్లో కాలేజీ మానేసి, అక్కడ ఎకనామిక్స్‌లో రెండో ఏడాదిలోకి చేరొచ్చు. ఇక్కడ చదివిన సబ్జెక్టుల్లో కొన్నిటినే వాళ్లు ఒప్పుకున్నారు, ఒకటి రెండు మళ్లీ మొదటి నుంచి చదవాలి. మధ్యలో చేరేవాళ్లకి అక్కడ విడిగా సీట్లుండవు. ఎవరైనా మానేసి వెళ్లిపోతే ఆ ఖాళీలోకి తీసుకుంటారు. నాలుగైదు ఖాళీలకి హాలు నిండేంత మంది. లైబ్రరీకని చెప్పి ఇంటర్వ్యూకి వెళ్లిన రోజున ఎదురుగా కూర్చున్న ముగ్గురిలో ఒకావిడ, ఎకనామిక్స్ ఎందుకమ్మా అని అడిగింది. చొక్కాల పొట్లాల సంగతి చెప్పింది చిన్నది. ఆవిడ నవ్వలేదు. అయితే ఆ సగాలు ఎలా ఊహించేదానివో ఒకటి చెప్పు, అంది.

ఇవాళ సాయంత్రం ఆఫీసు మూసేలోగా ఒప్పుకోవాలి, లేకపోతే సీటు వరసలో తర్వాతివాళ్లకి వెళ్తుంది. ఒప్పుకోవడానికి ఫోనులో ఒక చోట వేలు ఆనిస్తే చాలు. ఎవరి సంతకమూ అక్కర్లేదు. నిన్ననే ఆనించి ఉండొచ్చు. ఎందుకు ఆనించలేదో ఆమె తనని తాను అడుగుతూనే ఉంది. భయం కాదు. చెప్పకుండా నొక్కేస్తే అది ఇంకో చింపిన కాగితం అవుతుంది, అంచు నున్నగా, ఎవరికీ అనుమానం రాకుండా. ఈ ఇంట్లో అలాంటి పని తను చేయదలుచుకోలేదు.

ఆమె మిగిలిన మెట్లు దిగింది.

అన్నయ్య లాడ్జీ నుంచి దుప్పట్లు తేవడానికి వెళ్లాడు. తల్లి వెనక గదిలో మాసిన బట్టల్ని తెలుపూ రంగూ వేరు చేస్తోంది. చిన్నది గడప మీదే నిలబడి, మెలికలేమీ పెట్టకుండా చెప్పేసింది. చెబుతున్నంతసేపూ తల్లి చేతులు ఆగలేదు. ‘ఎకనామిక్స్’ అన్న మాట వినబడగానే ఆగాయి. చేతిలో ఉన్న దిండు గలీబు అలాగే పట్టుకుని రెండడుగులు వేసి, మూలనున్న, బట్టలు పిండే మిషను స్విచ్చి వేసింది.

అది ఆ ఇంటి పద్ధతి. కొడుకు చెవిన పడకూడని మాట ఏది మాట్లాడుకోవాలన్నా వెనక గదిలోకి వచ్చి, ఆ పెద్ద మిషను ఖాళీగా తిప్పి, దాని హోరు కింద మాట్లాడుకుంటారు. వాడికి సంబంధం చూద్దామా వద్దా అన్నదీ, వాడు తింటున్నాడా లేదా అన్నదీ, వాడి స్నేహితుడెవడో పెద్ద ఉద్యోగంలో చేరాడన్నదీ, అన్నీ ఆ హోరులోనే. మొదట్లో రహస్యాలకి మాత్రమే వాడేవారు. తర్వాత అలవాటై, మామూలు పోట్లాటకి కూడా మిషను తిరగాల్సిందే. వాడు ఇంట్లో లేనప్పుడు కూడా చెయ్యి స్విచ్చి దగ్గరికే వెళ్తుంది, ఇప్పుడు వెళ్లినట్టు.

తండ్రి స్కేలు చేతిలో పట్టుకునే లోపలికి వచ్చాడు. విషయం విన్నాక బట్టల మూట మీద కూర్చుండిపోయాడు. కరెంటు బిల్లు గురించి ఎప్పుడూ సణిగే మనిషి, ఖాళీగా తిరుగుతున్న మిషను గురించి ఒక్క మాట అనలేదు.

“ఎప్పట్నించి జరుగుతోంది ఇదంతా?” అని అడిగాడు, ఏదో దొంగతనం బయటపడ్డట్టు.

“మీరు చింపడం మొదలుపెట్టినప్పట్నించి” అంది చిన్నది. ఆ మాట ఆయనకి అర్థం కాలేదు. ఆమె విప్పి చెప్పలేదు.

తల్లి ముందు లెక్కలూ జాగ్రత్తలూ చెప్పింది. ఇక్కడి కాలేజీ బాగానే ఉంది కదా, మార్కులు వస్తున్నాయి కదా, నడుస్తున్న చదువుని మధ్యలో విరుచుకోవడం ఎందుకు అంది. అవేవీ అసలు మాటలు కావని ఇద్దరికీ తెలుసు. కాసేపటికి తల్లి గొంతు దిగిపోయింది. మిషను హోరులో ఆ మాట వినడానికి చిన్నది దగ్గరికి జరగాల్సొచ్చింది.

“వాడు ముక్కలై వచ్చాడే. ఒక్కో ముక్కా ఏరుకుని అతికించుకున్నాం. మళ్లీ ఏరుకునే ఓపిక నాకు లేదు.”

“నేను ముక్కలవుతానని ఎందుకనుకుంటున్నావు?”

“సరే, అవ్వవు. గెలుస్తావు” అన్నాడు తండ్రి. “నువ్వు అక్కడ గెలిచొచ్చి వాడి ఎదురుగా కూర్చుంటే వాడేమైపోతాడు? అది ఆలోచించావా?”

“అంటే నేను ఓడిపోకూడదు, గెలవకూడదు. ఇంకేం చేయమంటారు నాన్నా?”

తండ్రి స్కేలుతో మోకాలి మీద కొట్టుకున్నాడు. వాకిట్లో బండి ఆగిన చప్పుడైంది. తల్లి గబగబా మిషను ఆపేసింది. దుప్పట్ల మూట భుజాన వేసుకుని వచ్చిన కొడుకు ముగ్గురి మొహాలూ చూశాడు.

“పాలు విరిగిపోయాయిరా” అంది తల్లి.

“ఊఁ” అని మూట దించి, బల్ల దగ్గరికి వెళ్లి, పేపరు తీసుకుని ఆటల పేజీ తెరిచాడు.

మధ్యాహ్నానికి తల్లి తన తమ్ముడిని పిలిపించింది. ఆ మామయ్య డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. నేర్పేవాడి వైపు కూడా ఒక బ్రేకు ఉండే కార్లలో రోజంతా కూర్చుని కూర్చుని, ఎవరు ఏ కొత్త మాటెత్తినా కుడికాలు బిగించడం ఆయనకి అలవాటైపోయింది. వస్తూనే మేనల్లుడి వీపు తట్టి, నా చొక్కాకి ఇంత గంజి పెట్టకురా, సీటు బెల్టు పెట్టుకుంటే విరిగేలా ఉందని ఎగతాళి చేసి, వెనక గదిలోకి వచ్చాడు. తల్లి మిషను వేసింది.

“ఏమే కోడలు పిల్లా, నాలుగో గేరులో పోతున్నావట” అన్నాడు.

“మీ కాలు తీస్తే పోతాను మామయ్యా.”

ఆయన పెద్దగా నవ్వి, వెంటనే నోరు మూసుకున్నాడు. తర్వాత బావగారిని పక్కకి తీసుకెళ్లి, అక్కని దగ్గరికి రమ్మని, ముగ్గురూ తలలు దగ్గరపెట్టి చాలాసేపు గుసగుసలాడారు. చిన్నది గోడకానుకుని వాళ్లని చూస్తూ నిలబడింది. తన గురించి మాట్లాడుకునే మనుషుల్ని ఇంత తీరిగ్గా చూసే అవకాశం ఆమెకి ఇదే మొదటిసారి. అన్నయ్యకి ఇలాంటివి ఎన్ని జరిగి ఉంటాయో, అతనికి చూసే అవకాశమైనా లేకుండా, అనిపించింది. దాంతోపాటే ఇంకో ఆలోచన, అంత మంచిది కానిది, తలెత్తింది. నేను వెళ్లాలనుకుంటున్నది ఆ చదువు కోసమేనా, లేక వాడు పడ్డచోట నిలబడి చూపించాలనా? ఆమె ఆ ఆలోచనని కొట్టిపారేయలేదు. ఉంటే ఉండనీ అనుకుంది. రెండూ నిజమే అయితే మాత్రం వెళ్లకూడదని ఎక్కడుంది?

మామయ్య ఇటు తిరిగి తీర్పు చెప్పాడు. అమ్మాయిని ఆపడం మంచిది కాదు. ఆపితే మనసులో పెట్టుకుంటుంది. వెళ్లనిద్దాం. కాకపోతే వాడితో మాత్రం కంప్యూటర్ కోర్సులో చేరిందని చెబుదాం. వేరే ఊరు పేరు చెబుదాం. సెలవులకి వచ్చినప్పుడు పుస్తకాలు తేకపోతే సరి. రెండేళ్లు, కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతాయి. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత.

తల్లి కళ్లు తుడుచుకుంటూ తలూపింది. తండ్రి కూడా, పొద్దుటి నుంచి మొదటిసారి, కూతురి మొహంలోకి చూశాడు. ఆ చూపులో బతిమాలుకోవడం ఉంది.

“నీ చదువు నీకు దక్కుతుంది. వాడి మనసు వాడికి దక్కుతుంది. ఇంతకంటే ఏం కావాలి తల్లీ? చిన్న అబద్ధం” అన్నాడు.

చిన్నది గోడ గడియారం చూసింది. సాయంత్రమవుతోంది. ఒక్క తల ఊపితే చాలు, సీటు తనది. ఇంట్లో ఏడుపులుండవు, ఎవరూ ఎవరికీ అడ్డు కాదు. ఎంత సులువు. ఇంత సులువుగా ఉన్నందుకే ఆమె తల ఊపలేకపోయింది. రెండేళ్లు తను ఫోను చేసినప్పుడల్లా ఇక్కడ మిషను తిరుగుతుంటుంది. తను అక్కడ నేర్చుకున్న ప్రతిదీ గడప అవతలే వదిలేసి లోపలికి రావాలి. స్కేలు ఆనించి, ఒక్క లాగున, ఈసారి తనని చింపి దొంతరలోకి తోస్తున్నారు.

“చెప్పను” అంది.

“ఏం చెప్పవు?”

“అబద్ధం.”

“అయితే వెళ్లడానికి లేదు” అన్నాడు తండ్రి. ఆయన గొంతు హోరుని మించి లేచింది. “వాడి గుండె మీద కాలేసి నువ్వు మెట్లెక్కుతానంటే నేను ఒప్పుకోను. ఈ ఇంటి తండ్రిని నేను.”

“మీ ఒప్పుకోలు అక్కర్లేదు నాన్నా. నిన్ననే నొక్కేసి ఉంటే అయిపోయేది. మీకు చెప్పి వెళ్దామని ఆగాను. వాడికి కూడా చెప్పే వెళ్తాను.”

“నెమ్మదిగా, నెమ్మదిగా” అన్నాడు మామయ్య. ఆయన కుడికాలు నేలని అదుముతోంది.

చిన్నది ముగ్గురినీ దాటుకుని మూలకి వెళ్లి, మిషను స్విచ్చి తీసేసింది.

తిరిగే డ్రమ్ము ఆగడానికి కొంతసేపు పడుతుంది. హోరు మూలుగైంది, మూలుగు గరగరయ్యింది, తర్వాత ఏమీ లేదు. పట్టపగలు ఆ గదిలో అంత నిశ్శబ్దం ఎప్పుడూ ఉండదు. ముందు గదిలో ఇస్త్రీ పెట్టె చప్పుడు కూడా లేదు.

“నేను ఎకనామిక్స్ చదవడానికి వెళ్తున్నాను” అంది చిన్నది. మామూలు గొంతుతోనే అంది. ఆ నిశ్శబ్దంలో అది అరుపులా వినిపించింది. “అన్నయ్య చదివిన చోటికే.”

గుమ్మానికున్న తెర పక్కకి జరిగింది. అన్నయ్య చేతిలో సగం ఇస్త్రీ అయిన చొక్కా ఉంది. కాలర్ పట్టుకుని, నలగకుండా దూరంగా ఎత్తి పట్టుకున్నాడు. ముందు చెల్లెలి వంకా, తర్వాత మిషను వంకా చూశాడు.

“ఆపేశారే” అన్నాడు. “ఇవాళ పొద్దున్న ఒకసారి, ఇప్పుడొకసారి. చాలా పెద్ద విషయమేమో అనుకున్నా.”

తల్లి చెయ్యి మళ్లీ స్విచ్చి వైపు వెళ్లి మధ్యలోనే ఆగింది.

“అమ్మా, బట్టలుంటే ఆ మిషను బరువుగా కూస్తుంది. ఖాళీగా ఉంటే గలగలలాడుతుంది. రోజంతా ఇక్కడే ఉండేవాడికి ఆ తేడా తెలియదనుకున్నారా? గలగల మొదలైందంటే నా గురించేనని తెలిసిపోతుంది. అప్పుడు నేను ఇస్త్రీ ఆపేసి కూర్చుంటాను, అయ్యేదాకా.”

తల్లి చెయ్యి దించేసింది. “వినబడేదా నీకు?”

“మాటలు వినబడవు. అదే కష్టం. మాటలు వినబడితే ఏం అంటున్నారో అంతవరకే ఉండేది. వినబడకపోతే అన్నీ నేనే అనుకోవాలి.” అతను చొక్కాని జాగ్రత్తగా తీగ మీద వేశాడు. “ఒక పని చేయండి. ఒక్కసారి అనండి. నేను ఫెయిలయ్యానని. ఇన్నేళ్లలో ఈ ఇంట్లో ఎవరూ అనలేదు. పరీక్షలు రాయలేకపోయాను, లేచి బయటికొచ్చేశాను, ఫెయిలయ్యాను. మీరు అనకుండా ఉన్నన్నాళ్లూ నేను ఇంకా ఆ హాల్లోనే ఉన్నట్టుంటుంది.”

“ఫెయిలయ్యావు” అంది చిన్నది.

తల్లి ఆమె చెయ్యి పట్టుకుని గుంజింది. కానీ అన్నయ్య తల ఊపాడు, చాలా రోజులుగా పట్టేసిన మెడని ఎవరో సరిచేసినట్టు. తండ్రి బట్టల మూట మీద కూర్చుండిపోయాడు. స్కేలు ఆయన ఒళ్లో ఉంది.

“ఆ పేపరు...” అన్నాడు ఆయన, నేల చూపులు చూస్తూ. “అది కూడా తెలుసా?”

“చింపి దాచింది నా బల్ల పక్కన దొంతరలోనే కదా నాన్నా.” అన్నయ్య గొంతులో నవ్వుంది. “మొదట్లో చూసేవాణ్ణి కాదు. తర్వాత చూస్తే, ఇది సగం కాగితం పట్టుకుని గోడ వంక చూస్తూ కూర్చుంటోంది. ప్యాకింగ్ ఆలస్యమవుతోంది. ఏమిటా అని చూశాను. అప్పట్నించి రెండో సగం పక్కన పెట్టి ఉంచేవాణ్ణి. రెండు రోజులాగి పైన పెట్టేవాణ్ణి. వెంటనే ఇచ్చేస్తే ఆలోచించదు కదా.”

చిన్నదానికి ఏడుపు వచ్చి ఉంటే బాగుండేది. కోపం వచ్చింది. అదృష్టం అనుకున్నది అదృష్టం కాదు. ఇన్నేళ్లూ తను ఒంటరిగా, ఇంటి కళ్లుగప్పి, గోడకి కన్నం వేసుకుని చదువుకుంటున్నానని గర్వపడింది. ఆ కన్నంలోంచి దీపం చూపిస్తున్నది వీడా? పొద్దుటి నుంచి తను భుజంతో మోదుతున్న తలుపు అసలు గడియే వేసి లేదా? తోసే బలమంతా ఎక్కడ పెట్టాలో తెలియక ఆమె ఒక్క క్షణం తూలినట్టయింది. అడ్డు లేకపోతే, ఇక మిగిలేది తనకి అది కావాలా వద్దా అన్న ఒక్క ప్రశ్నే. దానికి ఎవరి మీదా కోపగించుకోవడానికి వీల్లేదు.

“నాకెందుకు చెప్పలేదు?” అంది.

“చెబితే మిషను వేయాల్సొచ్చేది” అన్నాడు అన్నయ్య.

ముందుగా నవ్వింది మామయ్య. ఆపుకోలేక, భుజాలు ఊగేలా. ఆ తర్వాత తల్లి, నవ్వుతున్నట్టు మొదలుపెట్టి ఏడ్చేసింది. కొడుకు వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాడు, ఓదార్చకుండా, ఊరికే.

“నువ్వు కూడా వెళ్తావా మళ్లీ?” అని అడిగింది తల్లి అతన్ని, ముక్కు చీదుకుంటూ.

“వెళ్లను. నాకు ఈ పని ఇష్టమమ్మా. ఈ మాట చెబితే మీరు నమ్మరు, పాపం పిల్లాడు అని ఇంకా ఎక్కువ ఏడుస్తారు. అందుకే చెప్పలేదు. నమ్మకపోయినా సరే, ఇష్టం.” చెల్లెలి వైపు తిరిగాడు. “ఒక్కటి గుర్తుపెట్టుకో. నీకొచ్చిన సీటు ఎవడో వదిలేసి వెళ్తే ఖాళీ అయింది. వాడింట్లో ఇప్పుడు ఏ మిషను తిరుగుతోందో.”

“తెలుసు. నిన్నట్నించీ అదే అనుకుంటున్నా.”

“అనుకో. కానీ దానికోసం వెళ్లడం మానకు.”

తండ్రి అప్పుడు తలెత్తాడు. నిన్ను కాపాడాలని చింపాననుకున్నానురా అన్నాడు. స్కేలు పక్కన పెట్టి, ఆ పేజీ చూస్తే నాకే భయం వేసేది, అన్నాడు. జవాబు అక్కర్లేని మాట అది. చిన్నది ఫోను తీసి, అందరి ముందూ, ఆ చోట వేలు ఆనించింది. ఏ చప్పుడూ కాలేదు. నొక్కావా అని తల్లి అడిగితే నొక్కానంది. అంతేనా అని తల్లి, ఇంకేదో జరుగుతుందని ఎదురుచూస్తున్నట్టు, కాసేపు ఆ ఫోను వంకే చూసింది.

మామయ్య వెళ్లాక లాడ్జీ దుప్పట్లు మడతలు పెట్టాల్సొచ్చింది. దుప్పటి మడవడానికి ఇద్దరు కావాలి. తల్లి ఒక అంచు పట్టుకుని, రెండో అంచు కూతురి మీదికి విసిరింది, ఇంకా కోపం పోలేదని తెలిసేటట్టు. ఇద్దరూ వెనక్కి జరిగి లాగి పట్టుకున్నారు, దగ్గరికి వచ్చి చివరలు కలిపారు. వేళ్లు తగిలినప్పుడు తల్లి వదల్లేదు.

“అక్కడ నువ్వు కూడా ఫెయిలైతే?”

“ఫోను చేసి ఫెయిలయ్యానని చెప్తాను. మీరు మాత్రం మిషను వేయకూడదు.”

“నీ నోటికి భయం లేదే” అంది తల్లి. అని, దుప్పటిని ఆమె చేతిలోంచి తీసుకుని దొంతర మీద పెట్టి, ఇంకోటి అందుకుంది.

మర్నాడు చిన్నది అందరికంటే ముందు కిందికి దిగింది. షట్టరు తనే ఎత్తింది. పేపరు గడప మీద ఉంది, తాజా సిరా వాసనతో, చేతికి బరువుగా. ఇంత బరువుంటుందని ఆమెకి తెలియదు. తీసుకెళ్లి ఇస్త్రీ బల్ల మీద పరిచేసరికి తండ్రి వచ్చాడు. ఆయన చేతిలో స్కేలు ఉంది. ఎందుకు తెచ్చాడో ఆయనకే తెలియనట్టు దాని వంక చూసుకుని, బల్ల అంచు మీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. అన్నయ్య ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పెట్టి, వేడెక్కేలోగా ఆమె భుజం మీంచి తొంగిచూశాడు.

మధ్య కాగితం తెరిచింది. మొదటి వార్త గోధుమల గురించి. పంట బాగా పండిన ఏడాదే రైతు ఎందుకు నష్టపోయాడో రాశారు. ఆమె వేలు ఒక్కో వరసా దిగుతూ అడుగుకి వచ్చింది. ‘మిగతా లోపలి పేజీలో’ అని ఉంది.

అలవాటుగా ఆమె తలెత్తి గోడ వంక చూసింది. మిగతా సగం ఎలా ఉంటుందో ఊహించింది. తప్పయినా సరే అనుకుని, పేజీ తిప్పింది.